చిన్న బోటుతో సముద్రం వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమిలి, విశాఖ, పూడిమడక వైపు ఒడ్డు నుంచి చిన్న ఫైబర్ బోటు దింపి, పగటిపూట గాలం వేటకు వెళ్ళాలనుకునే కొత్తవాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. 7 నుంచి 9 మీటర్ల బోటు, బోటు వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజను, ముగ్గురు నలుగురు మనుషులు, సాయంత్రంలోగా తిరిగి వచ్చేసే వేట మాత్రమే ఇందులో ఉంది. మరబోట్ల మీద రోజుల తరబడి చేసే వేట వేరే సంగతి.

## బోటు కొనక ముందు

గాలం వేయడమంటే చాలా ఇష్టం. డబ్బులు కూడా దాచుకున్నా. నేరుగా బోటు కొనేయొచ్చా?

ఇప్పుడే వద్దు. ముందు ఒక ఏడాది రేవులో వేటకు వెళ్ళేవాళ్ళతో కలిసి తిరగండి. వాళ్ళకు రోజు కూలి, పెట్రోలు ఖర్చు ఇచ్చి బోటులో ఒక మనిషిగా వెళ్ళండి. ఏ నెలలో కెరటం ఎలా ఉంటుందో, ఏ గాలికి ఎవరు బోటు దింపడం మానేస్తారో మీ కళ్ళతో చూస్తారు. ఇంకో సంగతి, ఒడ్డున బోటు పెట్టుకోవడానికి చోటు కావాలి, లాగడానికి మనుషులు కావాలి, రాత్రి కాపలా కావాలి. ఇవన్నీ ఊరివాళ్ళు మనసుపెట్టి ఇస్తేనే దొరుకుతాయి. ఊరి పెద్దలతో మాట్లాడకుండా బోటు తెచ్చి ఇసుకలో పెడితే మొదటి రోజే ఇబ్బంది మొదలవుతుంది.

తెప్ప మంచిదా, ఫైబర్ బోటు మంచిదా?

దుంగలు కట్టిన పాత తెప్ప మునగదు. కెరటం పైనుంచి వెళ్ళిపోయినా నీళ్ళు దుంగల సందుల్లోంచి జారిపోతాయి. కానీ దాన్ని నడపడం చిన్ననాటి నుంచి అలవాటైన పని. కొత్తవాళ్ళకు ఫైబరే. ఒడ్డు మీదికి వచ్చి ఆగే ఫైబర్ బోట్లను 1980ల్లో బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్ళు మన తూర్పు తీరం కెరటాలకు తగ్గట్టు తయారు చేయించారు. ఇప్పటి బోట్లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే. కొనేటప్పుడు మూడు చూడండి. ముక్కు ఎత్తుగా ఉండాలి. అడుగు మందంగా ఉండి ఇసుక రాపిడికి తట్టుకోవాలి. ముందూ వెనకా మూసిన గదుల్లో థర్మాకోల్ లాంటి తేలే ఫోమ్ నింపి ఉండాలి. ఆ ఫోమ్ ఉంటే బోటు నిండా నీళ్ళొచ్చినా తేలుతుంది. అది లేని బోటు సగం ధరకు వచ్చినా తీసుకోవద్దు.

కాగితాలు ఏం కావాలి?

బోటుకు మత్స్యశాఖ దగ్గర రిజిస్ట్రేషన్, వేటకు లైసెన్సు కావాలి. దరఖాస్తు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో జరుగుతుంది. బోటు మీద నంబరు కనిపించేలా రాయించాలి. బోటులో ప్రతి మనిషి దగ్గరా గుర్తింపు కార్డు ఉండాలి. కోస్ట్‌గార్డ్, మెరైన్ పోలీసులు నీళ్ళ మీద ఆపి అడుగుతారు, అది వాళ్ళ పని. కాగితాలు, ఇంజను బిల్లు నకళ్ళు ప్లాస్టిక్ సంచిలో బోటులోనే ఉంచండి. అసలువి ఇంట్లో పెట్టండి.

ఎంత దూరం వెళ్ళొచ్చు?

చట్టం లెక్క ఒకటి, మీ బోటు లెక్క ఒకటి. ఆంధ్రప్రదేశ్ 1994 సముద్ర మత్స్య చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు నీళ్ళను సంప్రదాయ బోట్లకు, చిన్న మోటారు బోట్లకు కేటాయించారు. పెద్ద మరబోట్లు ఆ అవతలే వేటాడాలి. చిన్న బోటుతో కొత్తగా వెళ్ళేవాళ్ళు మొదటి సీజన్ అంతా ఆ 8 కిలోమీటర్ల లోపలే ఉంటే మంచిది. ఒడ్డు కొండలు కనిపిస్తూనే ఉంటాయి, ఫోన్ సిగ్నల్ చాలాసార్లు అందుతుంది, ఇంజను ఆగితే పక్క బోటు దగ్గర్లోనే ఉంటుంది. చేప కూడా అక్కడ తక్కువేం కాదు.

వేట నిషేధం రోజుల్లో సరదాకి వెళ్తే ఏమవుతుంది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజను ఉన్న బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపుతారు. సరదా అని మినహాయింపు లేదు. బోటు పట్టుబడితే జరిమానా పడుతుంది, లైసెన్సుకు ఎసరు వస్తుంది. ఆ రెండు నెలలు పొయ్యి వెలగక ఇబ్బంది పడే కుటుంబాలు ఊళ్ళో ఎన్నో. వాళ్ళు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటే మీరు బోటు దింపడం ఏ రకంగానూ సరికాదు. ఇంజను సర్వీసింగు, బోటు అడుగు రిపేరు, రంగు ఆ రోజుల్లో పెట్టుకోండి.

## ముందు రోజు

రేపు సముద్రం బాగుంటుందో లేదో ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలు రోజూ ఇస్తుంది. మత్స్యకారులకు తెలుగులోనూ సమాచారం పంపుతుంది. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్‌లో "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అన్న మాట ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. హెచ్చరిక లేని రోజు కూడా మూడు అంకెలు చూడండి: గాలి వేగం, కెరటం ఎత్తు, రెండు కెరటాల మధ్య సెకన్లు. గాలి గంటకు 25 కిలోమీటర్లు దాటినా, కెరటం మీటరున్నర దాటినా చిన్న బోటుతో కొత్తవాళ్ళు ఆగిపోవాలి. సెకన్లు ఎక్కువగా, అంటే 14, 16 అని కనిపిస్తే ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన బరువైన కెరటం వస్తోందని అర్థం. లోపల సముద్రం నున్నగా కనిపిస్తుంది, ఒడ్డు దగ్గర మాత్రం గోడలా లేచి విరుగుతుంది. గాలి లేదు కదా అని మోసపోయేది ఇక్కడే.

చూడాల్సింది మీరు బయల్దేరే టైము ఒక్కటే కాదు. తిరిగి వచ్చే టైముకి ఏముందో అది ముందు చూడండి. వేసవిలో తెల్లవారుజామున సముద్రం మెత్తగా ఉండి, మధ్యాహ్నానికి నైరుతి గాలి గట్టిపడుతుంది. అందుకే మనవాళ్ళు తెల్లారకముందే దింపి, ఎండ ముదిరేలోపు వచ్చేస్తారు. డిసెంబరు నుంచి మార్చి దాకా, తుపాను ఏదీ లేకపోతే, కొత్తవాళ్ళకు మంచి కాలం. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఒడ్డు కెరటం బరువుగా ఉంటుంది.

పోర్టులో మూడో నంబరు హెచ్చరిక అంటారు. చిన్న నంబరే కదా, వెళ్ళొచ్చా?

వెళ్ళకూడదు. నంబర్లు 11 వరకు ఉంటాయి. ఒకటి, రెండు దూరంగా సముద్రంలో అల్పపీడనమో తుపానో ఉందని చెప్పేవి. మూడు అంటే ఈ రేవు దగ్గరే ఈదురుగాలుల ప్రమాదం ఉందని. అయిదు నుంచి పది వరకు తుపాను దగ్గరకొస్తోందని చెప్పేవి. పెద్ద ఓడలకు ఆ మూడు చిన్నదే, 8 మీటర్ల బోటుకు అది చాలా పెద్దది.

పెట్రోలు ఎంత పోసుకోవాలి?

వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ముట్టుకోకుండా ఉంచడానికి ఒక వంతు. 10 హార్స్‌పవర్ టూస్ట్రోక్ ఇంజను పూర్తి వేగంలో గంటకు 4, 5 లీటర్లు తాగుతుంది. వెళ్ళేటప్పుడు గాలి వెనకనుంచి తోసి ఉంటే తిరుగు ప్రయాణానికి అంతకు రెట్టింపు పట్టొచ్చు. పెట్రోల్లో ఆయిల్ పాళ్ళు ఇంజను పుస్తకంలో రాసినట్టే కలపండి, ఒడ్డునే కలపండి. డబ్బాలో నీళ్ళు చేరకుండా ఫిల్టరు పెట్టించుకోండి. సముద్రంలో ఇంజన్లు ఆగిపోవడానికి పెట్రోల్లో నీళ్ళు చాలా సాధారణమైన కారణం.

బోటులో ఏమేం ఉండాలి?

మనిషికి ఒక లైఫ్ జాకెట్. రెండు తెడ్లు. లంగరు, దానికి లోతుకు అయిదారు రెట్లు పొడుగున్న తాడు. నీళ్ళు తోడే బకెట్టు. విడి స్పార్క్ ప్లగ్గులు, స్పానర్లు, ప్రొపెల్లర్ పిన్నులు. టార్చి, ఈల, చిన్న అద్దం, నారింజ రంగు పొగ సిగ్నల్. జిప్ కవర్లో ఫోను. దిక్సూచి. మనిషికి 4 లీటర్లకు తగ్గకుండా మంచినీళ్ళు. పదునైన కత్తి చేతికి అందేచోట. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం కానీ, బోటు ఎక్కడుందో తెలిపే, ప్రభుత్వం ఇచ్చే ట్రాన్స్‌పాండర్ కానీ మీ బోటుకు దొరికితే తప్పకుండా పెట్టించుకోండి. ఫోన్ సిగ్నల్ పోయిన చోట అదే మీ గొంతు.

పాతికేళ్ళుగా వేటాడేవాళ్ళే లైఫ్ జాకెట్ వేసుకోరు. నాకెందుకు?

వాళ్ళకు కెరటంలో పడటం, లేవడం చిన్నప్పటి నుంచి అలవాటు. అయినా మునిగి చనిపోయినవాళ్ళలో గజ ఈతగాళ్ళు ఉన్నారు. తలకు బోటు అంచు తగిలితే ఈత పనికిరాదు. జాకెట్ సీటు కింద పెట్టి "ఉంది" అనుకోవడం వల్ల లాభం లేదు, ఇసుక మీదే తొడుక్కుని బకిల్ పెట్టుకోవాలి. ఈత రానివాళ్ళను కెరటాలు దాటే బోటులో ఎక్కించుకోవద్దు. వాళ్ళను హార్బర్ నుంచి తీసుకెళ్ళొచ్చు.

వాంతులవుతాయేమోనని టెన్షన్. ఏం చేయాలి?

ముందు రాత్రి బాగా నిద్రపోండి, మందు ముట్టొద్దు. పొద్దున్న ఖాళీ కడుపుతో కాకుండా ఇడ్లీలాంటి తేలిక తిండి తినండి. మాత్ర వేసుకునేట్టయితే బయల్దేరడానికి గంట ముందు, డాక్టర్ని అడిగి. బోటులో వెనకభాగంలో కూర్చుని ఒడ్డు కొండల వైపు చూడండి, ఫోన్ చూడొద్దు.

## ఇసుక నుంచి కెరటాలు దాటేదాకా

కెరటాల మధ్యలోంచి బోటు ఎలా దింపాలి? అందులోనే నాకు భయం.

ఆ భయం సరైనదే. రోజు మొత్తంలో ప్రమాదమైన భాగాలు రెండే: ఈ మొదటి వంద మీటర్లు, మళ్ళీ చివరి వంద మీటర్లు.

ముందు పావుగంట ఏమీ చేయకుండా నిలబడి చూడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి. ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగకుండా నీళ్ళు వెనక్కి పోతున్నాయో గమనించండి. వెనక్కి పోయే దారి మనిషిని ముంచే దారి, బోటుకు మాత్రం అదే తేలికైన తోవ.

బోటు అడుగు బిరడా బిగించారా లేదా చేత్తో తడిమి చూడండి. సామాన్లన్నీ కట్టేయండి. కెరటంలో ఎగిరే డబ్బా, లంగరు మనుషుల్ని కొడతాయి. బోటు ముక్కు కెరటానికి ఎదురుగా తిప్పి, మోకాలి లోతు నుంచి నడుం లోతు దాకా రెండు పక్కలా పట్టుకుని తీసుకెళ్ళండి. బోటుకూ ఒడ్డుకూ మధ్య ఎవ్వరూ నిలబడకూడదు. కెరటం బోటును ఒక్కసారి వెనక్కి విసిరితే కాళ్ళు విరుగుతాయి.

పెద్ద కెరటాల గుంపు చివరిది విరగగానే బోటు నడిపే సరంగు అరుస్తాడు. అప్పుడు ఒక్క ఊపున తోసి ఎక్కాలి. ముందు ఇద్దరు తెడ్డు వేస్తూ ముక్కును నిటారుగా పట్టాలి. కెరటం ఎక్కేటప్పుడు వేగం, శిఖరం మీద కొంచెం తగ్గింపు. లేకపోతే బోటు గాల్లోకి లేచి అవతల దబ్బున పడి అడుగు చీలుతుంది. సగం దారిలో మనసు మార్చుకుని తిప్పబోవడం అన్నిటికంటే ప్రమాదం. అడ్డం తిరిగిన బోటును తర్వాతి కెరటం బోర్లా కొట్టేస్తుంది. బయల్దేరాక అవతలికే పోవాలి.

ఇంజను ఎప్పుడు దింపాలి?

నీళ్ళు నడుం పైకి వచ్చాక. ఒడ్డు మీద ఒక్క నిమిషం కూడా నీళ్ళు లేకుండా తిప్పొద్దు, నీళ్ళ పంపు రబ్బరు కాలిపోతుంది. తోసేవాళ్ళంతా బోటులోకి ఎక్కేదాకా గేరు వేయకండి. ఇంజను ఆపే ఎర్ర తాడును నడిపేవాళ్ళు మణికట్టుకో జాకెట్‌కో కట్టుకోవాలి. వాళ్ళు నీళ్ళలో పడితే ఇంజను దానంతటదే ఆగుతుంది.

నది మొగలోంచి వెళ్తే కెరటం ఉండదు కదా, తేలిక కదా?

కొన్ని గంటలు మాత్రమే. మొగ ముందు ఇసుక మేట ఉంటుంది, అది ప్రతి వరదకూ, ప్రతి తుపానుకూ జరుగుతుంది. పాటు వేళ, అంటే సముద్రం తగ్గేటప్పుడు, నది నీళ్ళు జోరుగా బయటికి పోతూ, ఎదురుగా వచ్చే కెరటానికి తగిలితే ఆ కెరటం పొట్టిగా, నిటారుగా మారి మేట మీద విరుగుతుంది. పోటు చివర్లో, నీళ్ళు నిలకడగా ఉన్న కాస్సేపట్లో దాటండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుపాట్లు పెద్దవి, నీటి జోరూ ఎక్కువే.

## నీళ్ళ మీద

చేపలు ఎక్కడున్నాయో ఎలా తెలుసుకోవాలి?

ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారంలో మీ రేవు నుంచి దిక్కు, దూరం, లోతు ఉంటాయి. ఉపగ్రహం చూసిన నీటి వేడి, నీటిలోని పచ్చదనం బట్టి దాన్ని తయారు చేస్తారు. మబ్బు కమ్మిన రోజుల్లో రాదు, వేట నిషేధంలోనూ ఇవ్వరు. సూర (ట్యూనా) లాంటి పైన తిరిగే చేపలకు అది బాగా ఉపయోగం. రాళ్ళ దగ్గర ఉండే చేపలకు మాత్రం ఊరి పెద్దవాళ్ళ గుర్తులే ఆధారం. రెండు కొండలు ఒకదాని వెనక ఒకటి కలిసే గీత ఒకటి, ఇంకో పక్క చెట్టో గుడో కలిసే గీత ఒకటి. రెండూ తగిలే చోట రాయి ఉంటుంది. విశాఖ వైపు డాల్ఫిన్ నోస్, కైలాసగిరి, భీమిలి వైపు పావురాళ్ళ కొండ ఇలా ఎన్నో తరాలకు దారి చూపాయి. ఎవరైనా మిమ్మల్ని నమ్మి ఒక గుర్తు చూపిస్తే, దాన్ని ఫోన్‌లో పదిమందికీ పంపకండి. అది వాళ్ళ కుటుంబం తిండి.

గాలానికి ఏం పెట్టాలి? ఏ చేపలు పడతాయి?

కానాగంతలు, కవళ్ళు ఎర. మొదట చిన్న గాలాల దండతో వాటినే పట్టుకుని, బతికున్నదాన్ని వాడితే ఇంకా మంచిది. కోనాం, వంజరం కోసం ఎరనో ప్లాస్టిక్ చేపనో బోటు వెనక నెమ్మదిగా లాగండి. వాటి పళ్ళు నైలాన్ దారాన్ని ఒక్క కొరుకుకు తెంపేస్తాయి కాబట్టి గాలం ముందు జానెడు స్టీలు తీగ పెట్టండి. దారం చేతికి చుట్టుకోవద్దు, ఎంత చిన్న చేపకైనా సరే. అడుగున ఉండే బొంత, పారలకు సీసం గుండు కట్టి కింద దాకా వదలండి.

దారిలో వేరేవాళ్ళ వలలు అడ్డొస్తే?

తేలుతున్న బెండ్లు, జెండాలు చూసి చుట్టూ తిరిగి వెళ్ళండి. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే ఇంజను ఆపి, పైకెత్తి, విప్పండి. కోయక తప్పకపోతే ఒడ్డుకొచ్చాక ఆ వలవాళ్ళను వెతికి చెప్పి డబ్బు ఇవ్వండి. ఒక వల ఖరీదు వాళ్ళకు ఎన్నో రోజుల వేట.

కొమ్ము కోనాం పడితే ఏం చేయాలి?

కొత్తవాళ్ళైతే దారం కోసేయండి. దాని ముక్కు ఈటెలాంటిది, బోటు పక్కకు వచ్చాక ఒక్కసారిగా ఎగురుతుంది. అది పొడిచి మన తీరంలో మత్స్యకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తాబేలో పెద్ద సొరో తగులుకుంటే?

ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. వన్యప్రాణి చట్టం వాటికి గట్టి రక్షణ ఇచ్చింది. చుక్కల పెద్ద తిమింగల సొరకు 2001 నుంచి రక్షణ ఉంది. గాలం తగిలితే దారం వీలైనంత దగ్గరగా కోసి వదిలేయండి. సముద్రపు పామును అసలు ముట్టుకోవద్దు, విషం చాలా తీవ్రం.

ఓడలు, నేవీ, చమురు రిగ్గుల దగ్గరికి వెళ్ళొచ్చా?

వద్దు. చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్లు నిషిద్ధం. విశాఖ పోర్టు ఛానెల్‌లో గాలం వేస్తూ ఆగకూడదు. పెద్ద ఓడ మిమ్మల్ని చూసినా వెంటనే ఆగలేదు.

## ఆపద వస్తే

ఇంజను ఆగిపోయింది. మొదట ఏం చేయాలి?

లంగరు వేయండి. ఆ తర్వాతే ఇంజను కవరు విప్పండి. అరగంట మరమ్మతులో గాలి మిమ్మల్ని ఎంతో దూరం తోసేస్తుంది. లోతు ఎక్కువై లంగరు అందకపోతే బకెట్టును తాడుతో ముక్కు దగ్గర్నుంచి వదలండి, బోటు ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది. పెట్రోలు పైపు, పెట్రోలు డబ్బా మూత మీది గాలి బిరడా, ఫిల్టరులో నీళ్ళు, ప్లగ్గు, ఎర్ర తాడు ఈ వరసలో చూడండి. కుదరకపోతే వెలుతురు ఉండగానే పిలవండి. కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093. జీపీఎస్ అంకెలు, మనుషుల సంఖ్య, బోటు రంగు చెప్పండి. బోటు బోల్తాపడ్డా దాన్ని వదిలి ఒడ్డుకు ఈదొద్దు. ఒడ్డు కంటికి కనిపించినంత దగ్గరలో ఉండదు, వెతికేవాళ్ళకు బోటు కనిపించినంత తేలిగ్గా తల కనిపించదు.

ఒడ్డు వైపు నల్లమబ్బు లేచింది. ఇంకాసేపు ఉండొచ్చా?

గాలాలు చుట్టేయండి. వేసవి సాయంత్రాల్లో భూమి మీద లేచిన ఉరుము మబ్బు గాలిని సముద్రం వైపు తోస్తుంది, అంటే మిమ్మల్ని ఇంటికి ఎదురు దిక్కుకు. అది తాకేలోపు ఒడ్డు చేరలేరనిపిస్తే ముక్కు గాలికి పెట్టి, అందరూ అడుగున కూర్చుని, నిలబెట్టిన గాలం కర్రలు పడుకోబెట్టి ఓపిక పట్టండి.

జెల్ల చేప ముల్లో టేకు చేప తోక ముల్లో గుచ్చుకుంటే?

ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, అరగంటకు తగ్గకుండా ముంచండి, నొప్పి తగ్గుతుంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు అందుకే. పొట్టలో, ఛాతీలో గుచ్చుకుంటే ముల్లు పీకకుండా ఆసుపత్రికి. ధనుర్వాతం ఇంజెక్షన్ మర్చిపోవద్దు.

## తిరిగి రావడం

ఒడ్డుకు ఎలా చేరాలి? వెళ్ళడం కంటే ఇదే కష్టమంటారు.

నిజమే. ఒడ్డు నుంచి చూస్తే కెరటం ముఖం కనిపిస్తుంది, సముద్రం నుంచి చూస్తే దాని వీపు మాత్రమే కనిపిస్తుంది, అందుకే చిన్నదనిపిస్తుంది. విరిగే చోటుకు అవతల ఆగి రెండు గుంపులు పోనివ్వండి. జాకెట్లు బిగించుకోండి, పట్టిన చేపలు కట్టేయండి. పెద్ద గుంపు చివరి కెరటం వీపు మీద నిలిచి దాని వేగంతోనే రండి. దాన్ని దాటితే ముక్కు కిందికి గుచ్చుకుంటుంది, వెనకబడితే తర్వాతది వెనక నుంచి ఎక్కుతుంది. వెనక తెడ్డు వేసేవాళ్ళు బోటును అడ్డం తిరగనివ్వకూడదు. లోతు తగ్గగానే ఇంజను పైకి. అడుగు ఇసుకకు తగిలాక పక్కలకు దిగండి, ముక్కు ముందు దిగొద్దు.

ఒడ్డు కుదరని రోజు ఇంకో దారి ఉందని గుర్తుపెట్టుకోండి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కెరటం బాధ లేదు. భీమిలి నుంచి 25 కిలోమీటర్లకు పైనే, ఆ దూరానికి సరిపడా పెట్రోలు ఉండాలి. చీకటి పడ్డాక కెరటాల్లోంచి ఒడ్డుకు దిగడం కంటే సముద్రం లోపలే లంగరు వేసి తెల్లారేదాకా ఆగడం ఎంతో మేలు. అలా ఆగుతున్నామని ఇంటికి కబురు పంపండి.

ఇంట్లో వాళ్ళకు ఏం చెప్పి వెళ్ళాలి?

కాగితం మీద రాసి ఇవ్వండి: బోటు నంబరు, ఎవరెవరు, ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్నింటికి వస్తాం. దాని కింద, ఫలానా టైముకు రాకపోతే 1554కి ఫోన్ చేయమని. ఊహించిన టైముకు రెండు గంటలు కలిపి రాయండి. వచ్చాక ముందు వాళ్ళకే ఫోన్ చేయండి.

పట్టిన చేప పాడవకుండా ఎలా?

కిలో చేపకు కిలో ఐసు. సూర, కానాగంతలను ఎండలో వదిలేస్తే వాటి మాంసంలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాళ్ళకు ముఖం ఎర్రబడి దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి ఐసులో పూడ్చండి. ముట్టుకుంటే బుడగలా ఉబ్బే చేపను ఇంటికి తేవద్దు, దాని కాలేయంలో ప్రాణం తీసే విషం ఉంటుంది.

ఇంటికొచ్చాక ఇంజనుకు ఏం చేయాలి?

అదే రోజు డ్రమ్ములో మంచినీళ్ళు పోసి పది నిమిషాలు తిప్పండి. లోపల ఉప్పు గట్టిపడితే నీటి దారులు మూసుకుపోయి వేడెక్కుతుంది. పైపు తీసి కార్బురేటర్లోని పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపండి. బయట మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గ్రీజు పెట్టండి. బోటు బిరడా విప్పి, ముక్కు ఎత్తుగా ఉండేలా ఆనించి, నీళ్ళన్నీ కారిపోనివ్వండి.